సల్కాటా తాబేలును కొనాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికా సల్కాటా తాబేలును పెంచుకోవాలనుకునేవారి నుంచి, అప్పటికే కొని తెచ్చుకున్నవారి నుంచి ఒకే రకమైన సందేహాలు పదే పదే వస్తుండడంతో వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాము. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఈ తాబేలును కొనేవారు, అది ఎంత కాలం, ఎంత స్థలం, ఎంత శ్రద్ధ కోరుతుందో పూర్తిగా తెలిసి కొనాలన్నదే మా కోరిక.

## నిర్ణయానికి ముందు

సల్కాటా అంటే ఏ తాబేలు? మన చెరువు తాబేలుకూ దానికీ తేడా ఏమిటి?

సల్కాటా పూర్తిగా నేల మీద బతికే తాబేలు. సహారా ఎడారికి దక్షిణపు అంచున సెనెగల్, మాలి, నైజర్, చాద్, సూడాన్, ఇథియోపియా వరకు పరచుకున్న సాహెల్ మెట్ట భూములు దాని పుట్టిల్లు. గాలాపగోస్, అల్డాబ్రా దీవుల తాబేళ్ల తరువాత ప్రపంచంలో అతి పెద్ద నేల తాబేలు ఇదే. తొడల వెనుక ముళ్లలాంటి కొమ్ములు ఉండడం దీని గుర్తు. దీనికి ఈత రాదు. చెరువు తాబేలు అనుకుని లోతైన నీటి తొట్టెలో వేస్తే మునిగి చనిపోతుంది.

అరుదైన జాతి అంటారు, కానీ పెట్ షాపుల్లో విరివిగా కనిపిస్తోంది. ఏది నిజం?

రెండూ నిజమే. సహజ ఆవాసంలో పశువుల మేత పోటీ వల్ల, కార్చిచ్చుల వల్ల, పట్టి అమ్ముకోవడం వల్ల వీటి సంఖ్య బాగా పడిపోయింది. ప్రకృతి సంరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. అడవిలో పట్టిన సల్కాటాలను వాణిజ్యం కోసం ఎగుమతి చేయడానికి, అరుదైన జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద 2000 నుంచి అనుమతి సున్నా. పెంపకంలో మాత్రం ఒక్కో ఆడ తాబేలు ఒక్కో విడతకు సుమారు 15 నుంచి 30 గుడ్లు, ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ విడతలు పెట్టగలదు. దుకాణాల్లో కనిపించేవి ఇలా పుట్టిన పిల్లలే అయి ఉండాలి. ఆ సంగతి కాగితం మీద రుజువు కావాలి.

“గట్టి ప్రాణం సార్, ఏమీ చేయనక్కర్లేదు” అని అమ్మే వ్యక్తి చెబుతున్నారు. నమ్మవచ్చా?

ఆ మాటలో సగమే నిజం. ఎదిగిన సల్కాటా మండుటెండను, మేత కరవును, నీటి ఎద్దడిని తట్టుకోగలదు; సాహెల్ వాతావరణం దాన్ని అలా తీర్చిదిద్దింది. అయితే ఆ తట్టుకునే గుణమే పెంపకంలో దానికి శత్రువవుతోంది. తప్పుడు తిండి పెట్టినా, ఎండ లేని గదిలో ఉంచినా సల్కాటా వెంటనే చనిపోదు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి తింటూ తిరుగుతూనే ఉంటుంది. ఈలోగా డిప్ప గుట్టలు గుట్టలుగా వంకర తిరుగుతుంది, ఎముకలు మెత్తబడతాయి, మూత్రాశయంలో రాయి పెరుగుతుంది. యజమాని కంటికి జబ్బు కనిపించేసరికి జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. పైగా ఈ మొండితనం పెద్ద తాబేలుకే ఉంటుంది. గుడ్డు నుంచి బయటికి వచ్చిన మొదటి ఏడాదిలో పిల్ల చాలా సున్నితం, ఒంట్లో నీరు తగ్గితే కొద్ది రోజుల్లోనే నీరసించిపోతుంది. కనుక “ఏమీ చేయనక్కర్లేదు” అనే దుకాణంలో ఆ పిల్లను ఇప్పటిదాకా ఎలా చూసుకున్నారో కూడా ఆలోచించండి.

ఎంత పెద్దదవుతుంది? ఎన్నేళ్లు బతుకుతుంది?

కొనేటప్పుడు నిమ్మకాయంత ఉన్న పిల్ల, పోషణ బాగుంటే మొదటి అయిదారేళ్లలోనే అడుగు పొడవుకు చేరుకోవచ్చు. ఎదిగిన మగ తాబేళ్లు 35 నుంచి 50 కిలోలు తూగడం మామూలు. 90 కిలోలు దాటినవీ ఉన్నాయి. ఆయుష్షు డెబ్బై ఏళ్లు, ఆ పైన కూడా. ముప్ఫై అయిదేళ్ల వయసులో పిల్ల తాబేలును కొన్న వ్యక్తి, తన తరువాత దాన్ని చూసుకునేది ఎవరో కొన్న రోజునే తేల్చుకోవాలి. ఇంట్లోని పిల్లలు “మేము చూసుకుంటాం” అనడం దీనికి జవాబు కాదు. పదేళ్లకు వారు చదువులకు వెళ్లిపోతారు, తాబేలు అప్పటికి ఇంకా యౌవనంలోనే ఉంటుంది.

అపార్ట్‌మెంట్‌లో పెంచుకోవచ్చా?

మొదటి రెండు మూడేళ్లు బాల్కనీ ఎండతో నెట్టుకురావచ్చు, ఆ తరువాత వీలుకాదు. ఎదిగిన సల్కాటా రోజంతా నడుస్తుంది, మేస్తుంది, తవ్వుతుంది. దానికి కొన్ని వందల చదరపు అడుగుల మట్టి నేల, గట్టి ప్రహరీ, రాత్రికి పొడి గది కావాలి. ఊళ్లో సొంత తోటో, ఖాళీ స్థలంతో కూడిన ఇల్లో ఉండి, అక్కడ నిత్యం ఎవరైనా నివసిస్తుంటే ఆలోచించవచ్చు. “పెద్దదయ్యాక ఊరికి పంపిద్దాం” అనుకునేవారు, ఊళ్లో ఉన్నవారిని ముందే అడిగి ఒప్పించుకోవాలి.

ఇంట్లో తాబేలు ఉంటే కలిసివస్తుందంటారు. అందుకోసం కొనవచ్చా?

నమ్మకం మీ ఇష్టం. ఆ నమ్మకంతో కొన్న తాబేలును ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి హాల్లో ఉంచడం మాత్రం దాన్ని చంపడమే అవుతుంది. శుభం కోసమే అయితే లోహపు ప్రతిమతో సరిపెట్టుకోవడం మేలు.

## చట్టం, పత్రాలు

మన దేశంలో సల్కాటాను పెంచుకోవడం చట్టబద్ధమేనా?

చట్టబద్ధమే, అయితే నమోదు తప్పనిసరి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. సైటిస్ జాబితాలోని విదేశీ జాతులు ఇప్పుడు ఆ చట్టపు నాలుగో షెడ్యూలు కిందికి వస్తాయి. సల్కాటా సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నిబంధనల ప్రకారం, ఇటువంటి జంతువు తమ వద్ద ఉన్నట్లు యజమానులు కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్ ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలియజేసి నమోదు చేయించుకోవాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, తాబేలు చనిపోయినా ఆ సంగతీ తెలపాలి. గడువులు, రుసుముల వివరాలను దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లోనే సరిచూసుకోండి.

నక్షత్ర తాబేలు ఇంకా అందంగా ఉంది, తక్కువ ధరకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. నక్షత్ర తాబేలు మన దేశపు వన్యప్రాణి. సవరించిన చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టడం, కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరాలే. మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, దానితో పాటు జరిమానా. రాయలసీమ, దాని పొరుగు కర్ణాటక, తమిళనాడు మెట్ట ప్రాంతాల్లో సహజంగా బతికే ఈ జాతిని వేల సంఖ్యలో దొంగతనంగా తరలిస్తున్నారు. దేశంలోని ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 తాబేళ్లు పోతున్నట్లు 2015లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. 2019లో జరిగిన సైటిస్ సమావేశంలో దీన్ని అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలోకి మార్చారు.

కొందరు నక్షత్ర తాబేలు పిల్లనే వేరే పేరుతో అంటగడతారు కాబట్టి తేడా తెలిసి ఉండాలి. సల్కాటా పిల్ల డిప్ప లేత ఇసుక రంగులో ఉండి, ఒక్కో పలక అంచున మాత్రమే గోధుమ రంగు గీత ఉంటుంది. నక్షత్ర తాబేలు డిప్ప నల్లగా ఉండి, పలక నడుమ నుంచి పసుపు చారలు కిరణాల్లా విచ్చుకుంటాయి. పిల్ల వయసులో ఆ చారలు తక్కువగా, వెడల్పుగా కనిపిస్తాయి.

శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి కదా, ఇంట్లో ఉంటే తప్పేమిటి?

శ్రీకాకుళం జిల్లాలోని కూర్మనాథస్వామి ఆలయంలో ఆ తాబేళ్లు భక్తి సంప్రదాయంలో భాగంగా, అందరి కళ్ల ముందు, అధికారుల ఎరుకలో ఉన్నాయి. ఆ ఏర్పాటు ఏ వ్యక్తికీ తాబేలును సొంతం చేసుకునే హక్కును ఇవ్వదు. ఎవరైనా మీకు నక్షత్ర తాబేలును కానుకగా ఇచ్చి ఉంటే, లేదా పొలంలో దొరికితే, అటవీ శాఖకు తెలియజేసి అప్పగించడమే సరైన మార్గం.

అమ్మే వ్యక్తి నుంచి ఏ కాగితాలు తీసుకోవాలి?

జాతి పేరు స్పష్టంగా రాసిన బిల్లు, ఆ పిల్ల లేదా దాని తల్లిదండ్రులు నమోదై ఉన్నట్లు పరివేష్ పత్రం, మీ పేరుకు బదిలీ చేస్తున్నట్లు రాతపూర్వకమైన అంగీకారం తీసుకోవాలి. దుకాణమైతే 2018 నాటి పెట్ షాపుల నిబంధనల కింద రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. ఆ ధ్రువపత్రం చూపించమనండి. “కాగితాలు తరువాత వాట్సాప్‌లో పంపిస్తాం” అంటే అక్కడ కొనవద్దు. డబ్బు చేతికి అందాక ఆ పత్రాలు వస్తాయన్న భరోసా లేదు, ఆ తరువాత తాబేలుకు జవాబుదారీ మీరే.

## పిల్లను ఎంచుకునేటప్పుడు

పిల్ల ఆరోగ్యంగా ఉందని ఎలా తెలుసుకోవాలి?

తొందరపడకుండా ఓ అరగంట దుకాణంలోనే నిలబడి చూడండి. ఆరోగ్యమైన పిల్ల నడిచేటప్పుడు డిప్పను నేలకు తగలనీయకుండా నాలుగు కాళ్ల మీద ఎత్తి నడుస్తుంది. ఈడ్చుకుంటూ పోతే బలహీనత ఉన్నట్లు. చేతిలోకి తీసుకుంటే దాని పరిమాణానికి తగిన బరువు తెలియాలి, ఖాళీ డొల్లలా తేలికగా ఉండకూడదు. కళ్లు లోపలికి గుంటలు పడకుండా నిండుగా, తేటగా ఉండాలి. ముక్కు రంధ్రాలు పొడిగా ఉండాలి. ఊపిరి తీసేటప్పుడు బుడగలు వచ్చినా, నోరు తెరిచి శ్వాసిస్తున్నా కొనవద్దు. అడుగు డిప్పను బొటనవేలితో మెల్లగా తాకి చూడండి: రోజుల పిల్లకు కొంత మెత్తదనం సహజం, కొన్ని నెలల పిల్లకు మాత్రం అది గట్టిగా ఉండాలి. చివరగా, మీ ఎదుటే ఆకు పెట్టించండి. ఆకలితో కొరికి తినే పిల్లను ఎంచుకోండి. నీరసంగా ఉన్న పిల్లను జాలిపడి కొనాలనిపించడం మంచి మనసే, అయితే ఆ ఖాళీని దుకాణదారు మరో పిల్లతో నింపుతారు.

ఆన్‌లైన్‌లో డబ్బు కడితే బస్సు పార్శిల్‌లో పంపిస్తామంటున్నారు. పరవాలేదా?

వద్దు. అట్టపెట్టెలో, డిక్కీ వేడిలో రాత్రంతా ప్రయాణించిన పిల్ల ఒంట్లో నీరు కోల్పోయి చేరుతుంది, దాని దుష్ఫలితం వారం తరువాత బయటపడుతుంది. పైగా, జంతువును కళ్లారా చూడకుండా, కాగితాలు సరిచూసుకోకుండా కొన్నట్లవుతుంది.

మగదా ఆడదా ఎలా తెలుస్తుంది? జత కొనాలా?

డిప్ప సుమారు 35 సెంటీమీటర్లు దాటేవరకు నమ్మకంగా చెప్పడం కష్టం; పిల్లను చూపించి “ఇది గ్యారంటీగా ఆడది” అనేవారి మాట నమ్మవద్దు. జత అవసరం లేదు, సల్కాటాకు తోడు లేకపోయినా దిగులు ఉండదు. రెండిటిని కలిపి ఉంచితే బలమైనది రెండో దాన్ని మేత దగ్గరికి రానీయదు. ఎదిగిన మగవి రెండూ ఢీకొని ఒకదాన్నొకటి వెల్లకిలా తిప్పేస్తాయి, ఎండలో అలా పడి ఉంటే ప్రాణం పోతుంది.

పిల్లకు బదులు ఎవరైనా వదిలించుకోవాలనుకుంటున్న పెద్ద తాబేలును తీసుకోవచ్చా?

స్థలం ఉన్నవారికి మేము మొదట సూచించేది అదే. సున్నితమైన తొలి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి, మగదో ఆడదో తెలుస్తుంది, ఒక తాబేలుకు మంచి చోటు దొరుకుతుంది. నమోదును మీ పేరుకు బదిలీ చేయించుకోవడం మాత్రం మరవద్దు.

## వసతి

పిల్లను ఎక్కడ ఉంచాలి? చేపల అద్దాల తొట్టె సరిపోతుందా?

అద్దం గోడ అవతలికి పోవాలని పిల్ల రోజంతా గీకుతూ అలసిపోతుంది. వెడల్పైన చెక్క పెట్టె, లేదా లోతైన పెద్ద ప్లాస్టిక్ టబ్బు మేలు. అడుగున మట్టి, కొబ్బరి పొట్టు కలిపి నాలుగు అంగుళాల మేర పరిచి కొద్దిగా తడిగా ఉంచండి. ఉత్త ఇసుక వేస్తే తిండితో పాటు మింగి పేగులు మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఒక మూల 35 డిగ్రీల సెల్సియస్ వరకు వెచ్చని చోటు, మరో మూల నీడ ఉండాలి. తిరగేసిన మట్టికుండ ముక్క కింద నాచో, తడి కొబ్బరి పొట్టో వేస్తే పిల్ల దాక్కోవడానికి తేమ గల చక్కని గూడు అవుతుంది.

కిటికీ పక్కన ఎండ పడుతోంది. అయినా యూవీబీ లైటు కావాలా?

కావాలి, లేదా పిల్లను ఆరుబయటికి తీసుకువెళ్లాలి. డిప్ప, ఎముకలు గట్టిపడేందుకు అవసరమైన యూవీబీ కిరణాలను కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. తెలుగు నేలలో ఎండకు కొదవ లేదు కనుక రోజూ ఉదయం కొంతసేపు నేరుగా ఎండ తగలనిస్తే అంతకు మించిన లైటు లేదు. పక్కనే నీడ ఉండాలి, కాకులు, పిల్లులు, కుక్కలు రాకుండా పైన జాలీ ఉండాలి. వేసవి మధ్యాహ్నం గచ్చు మీద వదిలితే ఎడారి తాబేలైనా మాడిపోతుంది.

ఎడారి అంచు జంతువు కదా, తేమ, స్నానం ఎందుకు?

సాహెల్‌లో పిల్లలు రోజులో ఎక్కువ భాగం నేలలోని బొరియల్లో, గడ్డి దుబ్బుల అడుగున గడుపుతాయి. అక్కడి గాలిలో తేమ ఉంటుంది. సల్కాటా పిల్లలపై వియన్నా పరిశోధకులు చేసి 2003లో ప్రచురించిన ప్రయోగంలో, పొడి గాలిలో పెరిగినవాటికే డిప్ప ఎక్కువగా గుట్టలు కట్టింది. తిండిలోని మాంసకృత్తుల ప్రభావం స్వల్పమేనని తేలింది. అందువల్ల మొదటి ఏడాది రోజూ ఇరవై నిమిషాలు, గడ్డం మునగనంత లోతు గోరువెచ్చని నీటిలో కూర్చోబెట్టండి. ఆ నీటిలోనే తాగుతుంది, మలమూత్రాలు విసర్జిస్తుంది. మూత్రంతో వచ్చే తెల్లని పదార్థం పెరుగులా మెత్తగా ఉంటే మంచిది, గరుకుగా ఇసుకలా ఉంటే నీరు చాలడం లేదని అర్థం.

చలికాలంలో నిద్రపుచ్చాలా? వానల్లో ఏం చేయాలి?

సల్కాటా చలికాలపు సుప్తావస్థలోకి వెళ్లే జాతి కాదు. ఫ్రిజ్‌లో పెట్టడం వంటి విదేశీ పద్ధతులు వేరే జాతులకు సంబంధించినవి. హైదరాబాద్, ఆదిలాబాద్ వంటి చోట్ల డిసెంబరు రాత్రులు దీనికి చాలా చల్లన, వెచ్చని గది తప్పదు. చలి కంటే చలి, తడి కలిసినప్పుడే ఎక్కువ ముప్పు. ముసురు పట్టిన రోజుల్లో ఎత్తైన గట్టు మీద పొడి పాకలో ఉంచండి.

## తిండి

రోజూ ఏం పెట్టాలి?

గడ్డి, గడ్డి, మళ్లీ గడ్డి. మేతలో పదింట ఎనిమిదో తొమ్మిదో వంతులు గడ్డి కావాలి: గరిక, లేత నేపియర్, ఎండుగడ్డి. పిల్లలకు దాన్ని సన్నగా తరిగి వేయాలి. మిగతా భాగానికి మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకులు, ముళ్లు తీసిన నాగజెముడు మట్టలు మార్చి మార్చి ఇవ్వవచ్చు. పక్షుల దుకాణాల్లో అమ్మే కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్ర జీవి లోపలి తెల్లని పలక) ముక్కను అందుబాటులో ఉంచితే సున్నం (కాల్షియం) కోసం కొరుక్కుంటుంది. పాలకూరను నిత్యం పెట్టకండి, అందులోని ఆక్సలేట్లు సున్నాన్ని ఒంటికి అందనీయవు. అన్నం, బ్రెడ్డు, పప్పులు, కుక్కల ఆహారం వద్దు. అరటి, మామిడి వంటి తీపి పండ్లు ఇష్టంగా తింటుంది, కానీ గడ్డిని పులియబెట్టి జీర్ణం చేసుకునే దాని పేగులకు అవి పడవు.

పెరట్లో వదిలితే ఏ మొక్కలతో ప్రమాదం?

మొదట గన్నేరు. తెలుగువారి పెరట్లో పూజ కోసం ఉండే ఈ మొక్క ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే, రాలిన ఎండుటాకు కూడా. జిల్లేడు, ఉమ్మెత్త, వయ్యారిభామ, ఆముదం గింజలు కూడా అందకూడదు. రోడ్డు పక్కన, పొలం గట్టున కోసిన గడ్డి తెచ్చేటప్పుడు కలుపుమందో పురుగుమందో కొట్టారేమో అడిగి తెలుసుకోండి.

## ఆరోగ్యం

ముక్కు కారుతోంది, తిండి మానేసింది. రెండు రోజులు ఆగి చూడవచ్చా?

ఆగవద్దు. తాబేలుకు దగ్గే శక్తి లేదు, ఊపిరితిత్తుల్లో చేరిన కఫం తనంతట బయటికి రావడం కష్టం. వెచ్చగా ఉంచి, సరీసృపాల వైద్యంలో అనుభవం ఉన్న పశువైద్యుల వద్దకు వెంటనే తీసుకెళ్లండి. అటువంటి వైద్యులు మీ ఊరికి ఎంత దూరంలో ఉన్నారో కొనక ముందే కనుక్కోవాలి.

నులిపురుగులకు ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు. ఇప్పించవచ్చా?

ముందు మందు పేరు అడగండి. పశువులకు, కుక్కలకు మామూలుగా వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు ప్రాణాంతకం. పక్షవాతం వచ్చి చనిపోతాయి. గేదెలకు, మేకలకు నిత్యం ఆ మందు ఇచ్చే వైద్యులకు తాబేలు అరుదుగా ఎదురవుతుంది కనుక, ఈ ఒక్క మాటను యజమానే వినయంగా గుర్తు చేయడం మంచిది. ముందుగా మలపరీక్ష చేయించి, పురుగులు ఉన్నాయని తేలాకే తాబేళ్లకు సురక్షితమైన మందు అడగండి.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఉంచవచ్చా?

పైకి ఆరోగ్యంగా కనిపించే తాబేలు కూడా సాల్మొనెల్లా క్రిములను మోస్తూ ఉండవచ్చు. ఈ కారణంగానే అమెరికాలో 1975 నుంచి నాలుగు అంగుళాల కంటే చిన్న తాబేళ్లను పెంపుడు జంతువులుగా అమ్మడాన్ని నిషేధించారు. తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, దాని తొట్టెను వంటింటి సింకులో కడగకూడదు. అయిదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, వయోవృద్ధులు దానికి దూరంగా ఉండడం క్షేమం.

## పెద్దదయ్యాక

ప్రహరీ కింద తవ్వుతోంది. ఎలా ఆపాలి?

తవ్వడాన్ని పూర్తిగా ఆపలేరు, చోటు మార్చగలరు. సహజ ఆవాసంలో ఇది కొన్ని మీటర్ల పొడవైన సొరంగాలు తవ్వి ఎండ నుంచి తప్పించుకుంటుంది. గోడ పునాది వెంట రెండడుగుల లోతున రాళ్లు పాతించి, దూరంగా ఒక మట్టి దిబ్బ ఏర్పాటు చేయండి. నల్లరేగడి నేలల్లో వానాకాలపు బొరియ నీరు నిండి కూలిపోతుంది, లోపల ఉన్న తాబేలు బయటపడలేదు. అందుచేత జూన్ నుంచి అది రోజూ సాయంత్రం పాకలోకి చేరిందో లేదో లెక్క చూసుకోవాలి. కంచె అవతలి వైపు కనబడే తీగ కాకుండా, ఏమీ కనబడని గోడ అయితే దాటే ప్రయత్నాలు బాగా తగ్గుతాయి.

ఇక పెంచలేం. చెరువులోనో అడవిలోనో వదలవచ్చా? జూ తీసుకుంటుందా?

చెరువులో వదిలితే మునిగిపోతుంది. అడవిలో వదలడం చట్టరీత్యా తప్పు. అంతకు మించి, మన నక్షత్ర తాబేళ్లకు అలవాటు లేని రోగాలను వాటి మధ్యకు తీసుకెళ్లినట్లవుతుంది. జంతు ప్రదర్శనశాలలకు తమ ప్రణాళిక, తమ స్థల పరిమితులు ఉంటాయి, ఇంటి సల్కాటాలన్నిటినీ తీసుకుంటాయని ఆశించవద్దు. హైదరాబాద్ నెహ్రూ జూలో 125 ఏళ్లు ఉంటుందని చెప్పిన గాలాపగోస్ తాబేలు 2024 మార్చిలో చనిపోయింది. అంటే ఒక పెద్ద తాబేలును చేర్చుకోవడం ఏ సంస్థకైనా తరాల బాధ్యత. స్థలం ఉన్న మరో పెంపకందారును వెతికి, నమోదు బదిలీ చేయండి. ఎవరూ దొరకకపోతే అటవీ శాఖ సలహా అడగండి.

అమెరికా వెళ్లిపోతున్నాం. మాతో తీసుకెళ్లగలమా?

తీసుకెళ్లలేరు. పశువులకు సోకే హార్ట్‌వాటర్ అనే ప్రాణాంతక వ్యాధిని మోసే ఆఫ్రికా పిడుదుల భయంతో అమెరికా వ్యవసాయ శాఖ 2000లో సల్కాటాల దిగుమతిని నిషేధించింది. ఇతర దేశాలకైతే సైటిస్ ఎగుమతి అనుమతి, ఆ దేశపు దిగుమతి నియమాలు, పశువైద్య ధ్రువపత్రం అన్నీ కుదరాలి. అందువల్ల వీసా ప్రయత్నం మొదలుపెట్టినప్పుడే తాబేలుకు కొత్త యజమానిని వెతకడం కూడా మొదలుపెట్టండి. ప్రయాణానికి వారం ముందు వెతికితే దొరికేది మంచి చోటు కాకపోవచ్చు. అమెరికా చేరాక మళ్లీ పెంచుకోవాలనిపిస్తే, అరిజోనా, కాలిఫోర్నియా వంటి వెచ్చని రాష్ట్రాల సంరక్షణ కేంద్రాలను ముందుగా సంప్రదించండి. యజమానులు పెంచలేక వదిలేసిన ఎదిగిన సల్కాటాలు అక్కడ ఎన్నో కొత్త ఇంటి కోసం ఎదురుచూస్తున్నాయి.